బుద్ధికి టానిక్ లేదు, నేర్పే టీచరు కావాలి

మన ఔట్ పేషెంట్ విభాగంలో తరచుగా వినపడే మాట ఒకటుంది. రాయికోడ్ వైపు పల్లెల నుండి పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తల్లి వరుసలో కూర్చొని, తన వంతు వచ్చాక దగ్గు గురించో జ్వరం గురించో చెప్పి, లేచి వెళ్లబోతూ ఆగుతుంది. "అమ్మా, వీనికి ఏడేండ్లు నిండినయి. ఈడు పిల్లలందరు ఎక్కాలు చెప్తున్నరు, వీడు పేరు గూడ సక్కగ చెప్పడు. బుద్ధి వచ్చేటందుకు ఏదన్న టానిక్ రాయండి" అంటుంది. ఆమె అంత దూరం వచ్చింది ఈ ఒక్క మాట కోసమేనని అప్పుడు మాకు అర్థమవుతుంది.

బుద్ధిని పెంచే టానిక్ లేదు. జ్ఞాపకశక్తి పేరుతో మెడికల్ షాపుల్లో అమ్మే సీసాలు మేధో వైకల్యాన్ని నయం చేయవు. ఆ డబ్బుతో పిల్లవాడికి రోజూ ఒక గుడ్డు పెట్టడం మేలు. అంతమాత్రాన డాక్టరు చేయవలసిన పని ఏమీ లేదని కాదు. ముందుగా చెవులు పరీక్షించాలి. వినికిడి లేని పిల్లవాణ్ణి మందబుద్ధి అనుకొని ఏళ్ల తరబడి వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. కళ్లు చూడాలి. థైరాయిడ్ లోపం ఉందేమో చూడాలి, పుట్టిన కొద్ది వారాల్లోనే దాన్ని కనిపెట్టి మందు మొదలుపెడితే మెదడుకు జరిగే నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. మూర్ఛలు ఉంటే మందు మానకుండా వాడాలి. రక్తహీనత ఉంటే సరిచేయాలి. ఇవన్నీ చేశాక కూడా పిల్లవాడు వెనకబడే ఉంటే, ఇక మిగిలేది ఓపికగా, పద్ధతిగా, రోజూ నేర్పడం.

మరి ఆ నేర్పేవారు ఎవరు? సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. ఒకప్పుడు ఎన్.ఐ.ఎం.హెచ్. అని పిలిచేవారు, ఇప్పుడు దాని పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అక్కడ మంచి పరీక్షలు చేస్తారు, సలహా ఇస్తారు. కానీ రాయికోడ్ నుండి దాదాపు వంద కిలోమీటర్లు. పత్తి ఏరే రోజుల్లో ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సులు మారి, పిల్లవాణ్ణి చంకనెత్తుకొని వారం వారం వెళ్లమంటే ఎవరూ వెళ్లలేరు. వెళ్లినా, వారానికి ఒక గంట నేర్పితే చాలే పిల్లలు కాదు వీళ్లు. రోజూ వీళ్ల ఎదుట ఉండే మనిషి ఊరి బడిలోని సారు, లేదా మేడమ్. అందుకే ఈ సంచికలో మేము ఆ టీచర్ల గురించి రాస్తున్నాము. ఉద్యోగం మానకుండానే ప్రత్యేక విద్యలో డిగ్రీ సంపాదించే దారి మన రాష్ట్రంలో ఉంది. మన సంఘ కుటుంబాల్లో టీచర్లుగా పని చేస్తున్నవారు చాలామంది ఉన్నారు. వారు దీన్ని ఒకసారి చివరి వరకు చదవాలని, మిగిలినవారు తమకు తెలిసిన టీచరుకు చేరవేయాలని మా కోరిక.

నేర్పే పద్ధతే వేరు

మామూలు బి.ఇడి. చేసిన టీచరుకు ఈ పిల్లలకు ఎలా చెప్పాలో తెలియకపోతే అది ఆ టీచరు తప్పు కాదు. నలభై మందికి ఒకేసారి పాఠం చెప్పడం ఆయనకు నేర్పారు. ఒక్క పిల్లవాడికి ఒక్క పనిని పది ముక్కలు చేసి నేర్పడం వేరే విద్య.

చొక్కా వేసుకోవడాన్నే తీసుకోండి. మనకు అది ఒక పని. ప్రత్యేక విద్య నేర్చుకున్న టీచరుకు అది వరుసగా చేయవలసిన చిన్న చిన్న పనుల గొలుసు. చొక్కా ముందూ వెనకా గుర్తుపట్టడం, ఒక చెయ్యి దూర్చడం, వెనక నుండి లాక్కోవడం, రెండో చెయ్యి దూర్చడం, రెండు అంచులు కలపడం, గుండీ పట్టుకోవడం, కాజాలోకి నెట్టడం, అవతలి వైపు నుండి లాగడం. వీటిలో పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి అక్కడ నుండి మొదలుపెడతారు. ఇంకో ఉపాయం కూడా ఉంది. మొదట్లో అన్ని మెట్లూ టీచరే చేసి, చివరి గుండీని సగం వరకు నెట్టి, మిగతా సగం లాగడం మాత్రం పిల్లవాడికి వదిలేస్తారు. వాడు లాగుతాడు, పని పూర్తవుతుంది, "శభాష్" అంటారు. మర్నాడు చివరి రెండు మెట్లు వాడివి. ఇలా వెనక నుండి ముందుకు వస్తారు. దీంతో పిల్లవాడికి ప్రతిసారీ పని పూర్తి చేసిన సంతోషం దొరుకుతుంది. ఇంట్లో తల్లి కూడా ఈ పద్ధతి ఈ రోజే మొదలుపెట్టవచ్చు. చెప్పులు, పళ్లు తోముకోవడం, అన్నం కలుపుకోవడం, అన్నిటికీ ఇదే వరుస.

ఇంతకు ముందు, పిల్లవాడికి ఏమి వచ్చో రాసుకుంటారు. ఏమి రాదో అందరూ చెప్పగలరు. ఏమి వచ్చో చూడడానికే చదువు కావాలి. దీని కోసం మన దేశంలోనే తయారైన పట్టికలు ఉన్నాయి. మద్రాసులో రూపొందిన ఎం.డి.పి.ఎస్. అనే పట్టికలో 18 విభాగాలు, ఒక్కోదానిలో 20 చొప్పున 360 అంశాలు ఉంటాయి. సికింద్రాబాద్ సంస్థ తయారు చేసిన ఎఫ్.ఎ.సి.పి. అనే పట్టిక పిల్లల్ని వయసును, శక్తిని బట్టి స్థాయిలుగా చూస్తుంది. ఇవి చూసి ఒక్కొక్క పిల్లవాడికి విడిగా ప్రణాళిక రాస్తారు. "లెక్కలు నేర్పాలి" అని రాస్తే అది ప్రణాళిక కాదు. "మూడు నెలల్లో 10 రూపాయల నోటు, 20 రూపాయల నోటు వేరు చేసి చూపగలగాలి, అంగడిలో టమాటాలు కొని చిల్లర తీసుకోగలగాలి" అని రాస్తే అది ప్రణాళిక. అంగడి మన దగ్గర వారం వారం ఉండనే ఉంది, అంతకంటే మంచి తరగతి గది దొరకదు.

అందరు పిల్లలదీ ఒకే ఇబ్బంది కాదు. 1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. చూపు లేని పిల్లవాడికి బ్రెయిలీ, అబాకస్, తెల్లకర్రతో నడవడం నేర్పాలి. వినికిడి లేని పాపకు సైగల భాష, మిషను పెట్టుకొని వినడం, పెదవుల కదలిక చూడడం నేర్పాలి. ఆటిజం ఉన్న పిల్లవాడికి రోజంతా ఏమి జరగబోతుందో బొమ్మల వరుసలో గోడకు అంటించి చూపితే గొడవ తగ్గుతుంది. ఇక ఒక రకం పిల్లలు ఉన్నారు, వీళ్ల గురించి మాకు ఎక్కువ బాధ. మాటల్లో చురుకు, ఆటల్లో చురుకు, నోటి లెక్కల్లో తెలివి, కానీ పుస్తకం తెరిస్తే అక్షరాలు కలపలేరు. దీన్ని డిస్లెక్సియా అంటారు. వీళ్లను ఎవరూ వికలాంగులు అనరు, బద్ధకస్తులు అంటారు, కొడతారు. చివరకు వాళ్లే బడి మానేసి మేకల వెంట పోతారు.

మన ప్రాంతానికి ఇంకొక చిక్కు ఉంది. జహీరాబాద్, రాయికోడ్ వైపు ఇళ్లలో తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ, లంబాడా భాషలు కలిసి వినపడతాయి. ఇంట్లో కన్నడం మాట్లాడే బిడ్డను తెలుగు బడిలో వేస్తే మొదట్లో మూగవాడిలాగే ఉంటాడు. అది వైకల్యం కాదు. నిజంగా మాట ఆలస్యమైన బిడ్డ ఎవరో, భాష మారినందుకు తడబడే బిడ్డ ఎవరో వేరు చేయగల టీచరు ఇక్కడి వాడే అయి ఉండాలి. హైదరాబాద్ నుండి వచ్చే నిపుణుడి కంటే, ఇంటి భాష తెలిసిన మన ఊరి టీచరమ్మ శిక్షణ పొందితేనే ఎక్కువ ఉపయోగమని మేము గట్టిగా నమ్ముతున్నాము.

ఉద్యోగం చేస్తూ చదవడం

మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌లోనే 1982లో పుట్టింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. బడికి దూరమైన వాళ్లకు డిగ్రీ ఇచ్చిన ఆ సంస్థ జూబ్లీహిల్స్ నుండి ప్రత్యేక విద్యలో బి.ఇడి. కూడా దూరవిద్యలో ఇస్తూ వచ్చింది. కోర్సు రెండున్నర సంవత్సరాలు. డిగ్రీ పూర్తి చేసినవారు ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీలో సాధారణంగా 50 శాతం మార్కులు అడుగుతారు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. చూపు, వినికిడి, మేధో వైకల్యం అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. అప్లికేషన్ నింపేటప్పుడు స్నేహితురాలు ఏది తీసుకుందో అదే తీసుకోవడం సరికాదు. మీ బడిలో, మీ చుట్టుపక్కల ఎలాంటి పిల్లలు ఉన్నారో చూసుకొని ఎంచుకోండి. పల్లెల్లో పని చేసేవారికి మేధో వైకల్యం విభాగం ఎక్కువగా అక్కరకు వస్తుందని మా అభిప్రాయం. అయితే మీ బడిలోనే ఇద్దరు చెవిటి పిల్లలు ఉంటే అది వేరే సంగతి.

దూరవిద్యలో ప్రత్యేక టీచర్లను తయారు చేయడం కొత్త సంగతి ఏమీ కాదు. 2000వ దశకంలో భోపాల్‌లోని మధ్యప్రదేశ్ భోజ్ విశ్వవిద్యాలయం, భారత పునరావాస మండలి కలిసి ఇలాంటి బి.ఇడి. నడిపాయి. అప్పట్లో పాఠాలు పోస్టులో వచ్చేవి. ఇప్పుడు ఫోనులోకి వస్తాయి. అంతవరకు తేడా.

ఆ అంతవరకు తేడా కూడా తక్కువది కాదనుకోండి. సాయంత్రం వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక, వీడియో పాఠాన్ని ఆపి ఆపి చూడవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం, దీక్ష వేదికల్లో టీచర్లకు ఉచిత కోర్సులు ఉంటాయి. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో విడుదల చేసిన ప్రశస్త్ అనే ఫోన్ యాప్‌తో తరగతి టీచరే 21 రకాల వైకల్యాల తొలి గుర్తులు తన పిల్లల్లో ఉన్నాయేమో చూసుకోవచ్చు. అది అనుమానం చెప్పగలదే తప్ప జబ్బు నిర్ధారించలేదు. అందులో పేరు వచ్చిన పిల్లవాణ్ణి డాక్టరు చూడాలి. డిగ్రీ కోర్సులో చేరే ముందు ఈ ఉచిత పాఠాల్లో ఒకటి పూర్తి చేసి చూడండి. అది కూడా పూర్తి చేయడానికి సమయం దొరకకపోతే, రెండున్నర ఏళ్ల కోర్సుకు ఫీజు కట్టే ముందు ఇంట్లో ఇంకోసారి మాట్లాడుకోవాలి.

ఇక అసలు సంగతి. ఈ చదువులో సగం ఫోనులో దొరకదు. సెలవుల్లో, వారాంతాల్లో కాంటాక్ట్ తరగతులకు మనిషి వెళ్లాలి. ప్రత్యేక పాఠశాలలో కూర్చొని చూడాలి, పాఠాలు చెప్పి చూపాలి, మామూలు బడిలో కూడా చెప్పి చూపాలి, ఒక పిల్లవాణ్ణి తీసుకొని నెలల తరబడి అతని సంగతి రాసి సమర్పించాలి. మూర్ఛ వచ్చినప్పుడు పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప మెడ నిలిచేలా కుర్చీలో కూర్చోబెట్టడం, కోపంతో తల గోడకు కొట్టుకునే పిల్లవాడి చేతులు నొప్పి కలగకుండా పట్టుకోవడం వీడియో చూస్తే రావు. నర్సింగ్ విద్యార్థికి ఇంజక్షన్ బొమ్మ చూపించి వార్డుకు పంపితే ఏమవుతుందో మాకు తెలుసు, ఇదీ అలాంటిదే. కాబట్టి "ఇంట్లో కూర్చొని, ఎక్కడికీ రాకుండా స్పెషల్ బి.ఇడి." అని ఎవరైనా ఆశ చూపితే అక్కడే ఆగండి.

కాంటాక్ట్ తరగతులు ఆదివారం పడతాయి, ఇది మన కుటుంబాల్లో ఇబ్బంది తెస్తుంది. కొన్ని ఆదివారాలు ఆరాధనకు రాలేకపోయిన టీచరును సంఘంలో గుచ్చి గుచ్చి అడగకుండా, ఆ రోజు ఆమె పిల్లలను ఎవరైనా తమ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెడితే బాగుంటుంది.

సర్టిఫికెట్టు విలువ ఎక్కడ తెలుస్తుంది

ప్రత్యేక విద్యకు దేశంలో కాపలాదారు భారత పునరావాస మండలి. దీన్ని ఆర్.సి.ఐ. అంటారు. 1992లో చేసిన చట్టం ద్వారా దీనికి అధికారం వచ్చింది. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎలాగో, ప్రత్యేక టీచరుకు ఆర్.సి.ఐ. కేంద్ర రిజిస్టరులో నంబరు అలాగ. సి.ఆర్.ఆర్. నంబరు అంటారు. ఆ రిజిస్టరులో పేరు లేకుండా ఈ వృత్తి చేయడం చట్టం ప్రకారం నేరం, సంవత్సరం వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒకసారి నంబరు వచ్చాక అయిపోలేదు. ఐదేళ్లకు ఒకసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి, అందుకోసం ఆ ఐదేళ్లలో శిక్షణా తరగతులకు హాజరై 100 పాయింట్లు కూడబెట్టుకోవాలి. మాకు ఈ నియమం నచ్చింది. పాత చదువుతోనే జీవితమంతా గడపకుండా చూస్తుంది.

కోర్సులో చేరే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఆ విశ్వవిద్యాలయం నడిపే ఆ కోర్సుకు, మీరు చేరే ఆ సంవత్సరానికి, ఆర్.సి.ఐ. అనుమతి ఉందా అనేది ఒకటి. ఆ కోర్సును దూరవిద్యలో నడపడానికి యు.జి.సి. అనుమతి ఉందా అనేది రెండోది. "మా విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంది" అని చెప్పి ఊరుకుంటారు. గుర్తింపు విశ్వవిద్యాలయానికి వేరు, కోర్సుకు వేరు. ప్రత్యేక బి.ఇడి. నియమాలు కొత్త జాతీయ విద్యా విధానం వచ్చాక మారుతున్నాయి, నాలుగేళ్ల సమీకృత కోర్సుల వైపు జరుగుతున్నాయి. కాబట్టి మీ అక్క మూడేళ్ల కిందట చేరిందని ఈ ఏడు కూడా అదే ఉంటుందనుకోవద్దు. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైనా సరే, ఆ ఏటి ప్రవేశ ప్రకటన చేతిలో పట్టుకొని చదివాకే ముందుకు వెళ్లండి.

అమెరికాలో స్థిరపడిన బంధువులు ఉన్న కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి. అక్కడి నుండి ఫోనులో "ఇక్కడ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ ఆన్‌లైన్‌లో చేయవచ్చు వదినా" అని చెబుతారు. నిజమే. 1975లో అక్కడ వికలాంగ పిల్లలందరికీ ఉచిత చదువు హక్కుగా ఇస్తూ చట్టం చేశారు, అప్పటి నుండి ప్రత్యేక టీచర్ల కొరత వాళ్లను వదలలేదు. అందుకే పని చేస్తున్న టీచర్ల కోసం ఆన్‌లైన్ డిగ్రీలు పెట్టారు. సాయంత్రం పాఠం వింటారు, మర్నాడు తన తరగతిలోనే దాన్ని చేసి చూపి, వీడియో తీసి పంపుతారు, అనుభవం ఉన్న టీచరు చూసి తప్పులు చెబుతారు. పద్ధతి మంచిది, మన వాళ్లు కూడా నేర్చుకోదగినది. కానీ ఆ డిగ్రీ అక్కడి రాష్ట్రాల లైసెన్సు కోసం తయారైనది. ఆర్.సి.ఐ. గుర్తించని విదేశీ డిగ్రీతో ఇక్కడ సి.ఆర్.ఆర్. నంబరు రాదు. డాలర్లలో ఫీజు కట్టి ఇక్కడ డి.ఎస్.సి.కి పనికిరాని కాగితం తెచ్చుకోవడం ఎందుకు?

చదివితే పని ఉంటుందా

ఈ ప్రశ్న ముందు భర్తలు అడుగుతారు, అడగడంలో తప్పు లేదు. 2016 చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గాని, తమకు నచ్చిన ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. హక్కు రాసినంత తేలికగా టీచర్లు రాలేదు. ఒక కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో లెక్క చెప్పింది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలి. 2025 మార్చిలో అదే కోర్టు, పోస్టులు మంజూరు చేసి ప్రకటించండి అని రాష్ట్రాలన్నిటినీ మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. తెలంగాణలో 2024 డి.ఎస్.సి. ప్రకటించిన 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంటు, 796 ఎస్.జి.టి. పోస్టులు ఉన్నాయి. అంటే వెయ్యికి పైన. ప్రతి ఏడూ ఇలా ఉంటుందని మేము మాట ఇవ్వలేము. కానీ ప్రభుత్వం లెక్కలోకి ఈ చదువు వచ్చిందని మాత్రం చెప్పగలము.

మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఐ.ఇ.ఆర్.పి.లని పిలిచే రిసోర్స్ టీచర్లు పిల్లలకు నేర్పుతారు, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు. ఒక మండలంలోని పల్లెలన్నీ ఒకరిద్దరు తిరగడం అంటే ఎంత కష్టమో ఊహించండి. వాళ్లకు తోడుగా ఒక్కొక్క బడిలో ఒక్క శిక్షణ పొందిన టీచరు ఉన్నా, ఐ.ఇ.ఆర్.పి. సోమవారం చెప్పినది శనివారం దాకా ఆగిపోకుండా సాగుతుంది. ఉద్యోగం మారకపోయినా, అదనపు జీతం రాకపోయినా, ఈ చదువు ఆ టీచరు తరగతిలో అదే రోజు నుండి కనపడుతుంది. డిస్లెక్సియా పిల్లవాణ్ణి కొట్టడం ఆ బడిలో ఆగుతుంది. ఆ ఒక్కటి చాలు మాకు.

ఇంట్లో, బడిలో చేయవలసినవి

చదవాలనుకునే టీచరు రోజుకు ఒక గంట నుండి గంటన్నర దాకా, సెలవు రోజున నాలుగు గంటలు తీసిపెట్టుకోవాలి. రాత్రి పదకొండు తర్వాత చదువు తలకెక్కదు, ఉదయం నాలుగున్నరకు లేవగలిగినవారు అదృష్టవంతులు. నిద్ర ఆరు గంటలకు తగ్గనీయవద్దు. బి.పి., షుగరు ఉన్నవారు పరీక్షల నెలలో మందులు మానేసి మా దగ్గరికి తల తిరుగుతోందని వస్తారు, అలా చేయవద్దు. ఫోనులో పాఠం చూస్తే ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడండి. ఇంట్లో చిన్న తెర కాక టీవీకి కలుపుకునే వీలుంటే ఇంకా మంచిది.

ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. కాంటాక్ట్ తరగతులకు, ప్రాక్టికల్స్‌కు సెలవు ఎన్ని రోజులు కావాలో చేరకముందే టీచరును అడిగి కాగితం మీద రాసుకోండి. చేరాక మధ్యలో గొడవపడితే రెండు సంవత్సరాల శ్రమ వృథా అవుతుంది. ప్రైవేటు బడులవారు ఆ రోజుల జీతం కోయకుండా ఉండగలిగితే అది వారి బడికే లాభం.

తల్లిదండ్రులకు కూడా ఒక పని ఉంది. మీ బిడ్డకు వైకల్య సర్టిఫికెట్టు, యూ.డి.ఐ.డి. కార్డు లేకపోతే బడి రికార్డుల్లో ఆ బిడ్డ లెక్కకు రాడు. లెక్కకు రాని పిల్లలకు టీచరు పోస్టు అడగలేరు. పదిమంది పిల్లలకు ఒక టీచరు అనే లెక్క పదిమంది పేర్లు రాసినప్పుడే పని చేస్తుంది. నామోషీ అనుకొని పేరు రాయించని ఇళ్లు ఉన్నాయి, అలాగే పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని దాచే ఇళ్లు కూడా ఉన్నాయి. మీ భయం మాకు అర్థమవుతుంది. కానీ దాచిన బిడ్డకు ఎవరూ నేర్పరు. అంగన్‌వాడీలకు, బడులకు పరీక్షలకు వచ్చే ప్రభుత్వ బాలల ఆరోగ్య బృందానికి చూపించండి. 2013లో మొదలైన ఆ కార్యక్రమం పుట్టినప్పటి నుండి 18 ఏళ్ల వరకు పిల్లలను చూస్తుంది. అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపుతుంది.

ఇంకొక చిన్న సంగతి. పిల్లవాడి మీద కేస్ స్టడీ రాయడానికి శిక్షణలో ఉన్న టీచరు మీ ఇంటికి వచ్చి, కాన్పు ఎలా జరిగింది, ఎన్నో నెలలో మెడ నిలిచింది, మేనరికమా అని అడుగుతారు. విసుక్కోకుండా చెప్పండి. మీ దగ్గర ఉన్న పాత చీటీలు, టీకాల కార్డు, మన ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు తీసి చూపండి. పుట్టిన వెంటనే ఏడవలేదు అన్న ఒక్క మాటతో ఆ టీచరుకు సగం దారి తెలుస్తుంది.

ఈ కోర్సు ప్రకటన ఎక్కడైనా కనపడితే, అది పేపరులో వచ్చినా, ఫోనులో వచ్చినా, ఫీజు కట్టక ముందు ఆ కాగితాన్ని మా సోషల్ వర్కర్‌కు చూపించవచ్చు. ఆర్.సి.ఐ. అనుమతి ఉన్నదీ లేనిదీ మీతో కూర్చొని చూస్తారు. డిగ్రీ మార్కుల మెమో జిరాక్సు, ఆధార్, మీరు పని చేసే బడి సర్వీసు సర్టిఫికెట్టు వెంట తెచ్చుకోండి.